ప్రసూన రెండేళ్ళ లీవు

జ్ఞానప్రసూన మా ఎదురింట్లో రెండేళ్ళు కాపురం చేసింది. ఆ రెండేళ్ళూ ఆవిడ పెట్టెలు సగం సర్దినట్టే ఉండేవి. పడకగదిలో గోడవారన మూడు సూట్‌కేసులు. చీర కావాలంటే మూత ఎత్తి తీసుకోవడం, ఉతికి ఆరాక మళ్ళీ అందులోనే పెట్టడం. పక్కనే నిలువెత్తు బీరువా ఖాళీగా ఉండేది. "ఆ బీరువా నిన్నేమైనా కరుస్తుందా?" అని ఎన్నిసార్లు అడిగానో. "రేపో మాపో వెళ్ళిపోయేవాళ్ళం, మళ్ళీ సర్దుకోవడం ఎందుకక్కయ్యా" అనేది. నాకు ఒళ్ళు మండేది. ఉన్నన్నాళ్ళు ఉండవే తల్లీ, ఆ తర్వాత వెళ్దువుగాని అంటే వినిపించుకునేది కాదు.

నా పేరు విక్టోరియా. మాది నర్సాపురం. మా ఆయన జార్జి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. డెబ్బై అయిదులో మెల్‌బోర్న్ వచ్చాం, ఎనభై రెండులో ఊరి శివార్లలో వెర్రిబీలో ఇల్లు కట్టుకున్నాం. పిల్లల్లేరు. నర్సాపురంలో నేను నర్సుని. ఇక్కడివాళ్ళ కంటికి నా సర్టిఫికెట్లు ఆనలేదు. ముసలివాళ్ళ హోములో స్నానాలు చేయించి అన్నాలు తినిపించే పనిలో చేరాను. మా వీధిలో చాలామంది ఇటలీ నుంచి వచ్చి కాలీఫ్లవరు తోటలు వేసుకున్నవాళ్ళు. మంచివాళ్ళే, కానీ తెలుగులో మాట్లాడాలంటే నాకు జార్జి ఒక్కడే దిక్కు. ఆయనతో మాట మొదలుపెడితే అది పోట్లాటలోకి దిగకుండా ఆగదు.

అందుకే తొంభై జూన్‌లో ఒక పొద్దున ఎదురింటి ముందు టాక్సీ ఆగి, నేత చీరమీద మగవాళ్ళ కోటు తొడుక్కున్న మనిషి దిగేసరికి నేను చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి పరిగెత్తాను. వెనకే సన్నగా, కళ్ళజోడు పెట్టుకుని ఆయన. ఏడెనిమిదేళ్ళ పిల్ల ఒకత్తి ముక్కు మూసుకుని నిలబడింది. గాలి దక్షిణం నుంచి వీస్తే మా ఊరికి మెల్‌బోర్న్ మురుగునీరు పారించే పొలాల వాసన వస్తుంది. "ఏవండీ, ఇక్కడ ఎప్పుడూ ఇలాగే ఉంటుందాండీ?" అన్నది ఆవిడ నన్ను అడిగిన మొదటి మాట. తెలుగుదాన్నని నా మొహం చూసే పట్టేసింది. నేను ఏడుస్తూ నవ్వాను.

ఆయన ద్వారకానాథ్ గారు. మట్టి పరీక్షలు చేసే సైంటిస్టు. మా ఊరి పక్కన వ్యవసాయ పరిశోధన కేంద్రంలో రెండేళ్ళ ఫెలోషిప్పు మీద వచ్చారు. నెమ్మదైన మనిషి, ఎవరినీ నొప్పించలేడు. ఆ నెమ్మదే తర్వాత కొంప ముంచింది. పిల్ల పేరు బిందుమాధవి. ప్రసూన బోటనీ లెక్చరరు. పశ్చిమ గోదావరిలో ఒక చిన్న ఊరు, అక్కడ ఆడపిల్లల కాలేజీ.

ఆ కాలేజీ గురించి వినని రోజు నాకు లేదు. మొదట ఆరేళ్ళు ఆవిణ్ణి గంటల లెక్కన పెట్టుకున్నారట. ఏప్రిల్ ఆఖర్న తీసెయ్యడం, జూలైలో బుద్ధి పుడితే పిలవడం. ఏడో ఏట పర్మనెంటు చేశారు. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆయనకి ఈ ఫెలోషిప్పు వచ్చింది. కరస్పాండెంటు సుబ్బరాజు గారు, అంటే కాలేజీ యాజమాన్యం తరఫున అన్నీ చూసే ఆయన, రెండేళ్ళు జీతం లేని లీవిచ్చాడు. తొంభై రెండు మే ముప్పై ఒకటితో ఆఖరు. ఆ తారీఖుకి వచ్చి సంతకం పెట్టకపోతే ఉద్యోగం పోయినట్టే.

"మధ్యలో ఏమైనా కాగితాలు అడిగితేనో?" అన్నాను ఓసారి మా వంటింట్లో టీ తాగుతుంటే.

"ఐదు తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టి మా బావగారికిచ్చి వచ్చానక్కయ్యా. ఏ లెటరు కావాలంటే అది పైన రాసి ఇచ్చేస్తారు" అంది.

బావగారంటే ద్వారకానాథ్ గారి అన్నయ్య రామ్మోహన్ గారు. ముప్పై ఏళ్ళు హెడ్మాస్టరు చేసి రిటైరైన మనిషి. నాకు ఆ మాటలో వింత ఏమీ కనబడలేదు. మనవాళ్ళలో ఎవరు ఊరు దాటినా ఇంట్లో నమ్మకమైన పెద్దమనిషికి నాలుగు తెల్లకాగితాలు సంతకం చేసి ఇచ్చి రావడం మామూలే. పోస్టులో ఉత్తరం వెళ్ళేసరికి పదిహేను రోజులు పట్టే చోట ఇంకేం చేస్తారు? మంచి పని చేశావనే అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా నాలుక కొరుక్కుంటాను.

వాళ్ళుండే ఇల్లు స్టీవ్, ఎవా అనే అమెరికా దంపతులది. ఎక్కడో మిన్నసోటా నుంచి వచ్చి మా వీధిలో ఇల్లు కొనుక్కుని, పట్టుమని నాలుగేళ్ళు ఉండకుండానే స్టీవ్‌కి ఫ్రాన్సులో గ్రెనోబుల్ అనే ఊళ్ళో రెండేళ్ళ పని పడింది. సామానంతా ఇంట్లోనే వదిలి, ఇల్లు వీళ్ళకి అద్దెకిచ్చి, కూతురు సోనియాని తీసుకుని వెళ్ళారు. అలా ఎవరి గోడలమీదో ఎవరి ఫొటోలో చూసుకుంటూ ప్రసూన బతికింది. ప్రసూన ఎవా ప్లేట్లన్నీ పాత దినపత్రికల్లో చుట్టి గరాజులో పెట్టింది. పాత సామాన్లమ్మే ఆప్‌షాప్‌లో ఎవరో వాడేసిన ప్లేట్లు ఆరు తెచ్చుకుంది. పోపు వాసన పరాయివాళ్ళ కర్టెన్లకి పడుతుందని గరాజులో చిన్న గ్యాసుపొయ్యి పెట్టి అక్కడ పోపు వేసి, గిన్నె మూతపెట్టి, పరిగెత్తుకుంటూ వంటింట్లోకి తెచ్చేది. మెల్‌బోర్న్ చలికాలంలో, ఆ కోటు వేసుకుని! చూసి నవ్వాలో తిట్టాలో తెలిసేది కాదు. రెండూ చేసేదాన్ని.

మొక్కల చదువు చదువుకున్న మనిషి, పెరట్లో ఒక్క మొక్క నాటలేదు. సిడ్నీ నుంచి ఎవరిచేతో కరివేపాకు మొక్క తెప్పించి ఇస్తే, "ఇది నాలుగాకులు వేసేలోపు మేం వెళ్ళిపోతాం, మీరే పెట్టుకోండి" అని నా చేతికే తిరిగిచ్చింది. కానీ రోడ్లమ్మట ఉన్న చెట్లన్నీ ఆవిడవే. సాయంత్రాలు బిందుని వెంటేసుకుని నది గట్టున తిరిగి, యూకలిప్టస్ కొమ్మలు, పసుపుపచ్చ వాటిల్ పూలు, సీసాలు తోమే బ్రష్షులా ఉండే ఎర్రపూలు తెంపుకొచ్చేది. వాటిని పేపర్ల మధ్య పరిచి, పైన ఎవా లావుపాటి వంటపుస్తకాలు పెట్టి అదిమేది. ఎండాక అట్టకి కుట్టి, కింద లాటిన్ పేరు, దొరికిన చోటు, తారీఖు రాసేది. వంద పైచిలుకు అయ్యాయి. "మా పిల్లలు అంటార్కిటికాలో చెట్లుంటాయా అని అడిగే బాపతు. వీటిని ముట్టుకుని చూస్తే వాళ్ళ మొహాలు ఎలా వెలుగుతాయో చూడాలి" అనేది. మా పిల్లలంటే కాలేజీలో పిల్లలు. సొంత పిల్ల పక్కనే నిలబడి "మమ్, కెన్ వీ గో హోమ్ నౌ?" అని గునుస్తుండేది. ఆ పిల్లకి హోమ్ అంటే ఎవా ఇల్లు.

ఆదివారాలు నేను చర్చి నుంచి వచ్చేసరికి ప్రసూన మా గుమ్మంలో కూర్చుని ఉండేది. కాలు కుదురుగా ఉండేది కాదు. ఐదు నిమిషాలు కూర్చుంటే లేచి గడియారం చూసేది. అక్కడ ఇప్పుడు పొద్దున్న ఏడు, రేపు ఈపాటికి మొదటి పీరియడుకి పిల్లలు బయల్దేరుతుంటారు అనేది. ఒక్కోసారి ఊరికే స్టేషనుదాకా నడిచి, రెండు రైళ్ళు వెళ్ళేదాకా చూసి, ఎక్కకుండా తిరిగి వచ్చేది. ఎక్కడికి వెళ్ళొచ్చావే అంటే, "ఏమో, కాళ్ళు తీసుకెళ్ళాయి" అనేది. ఆవిడ అలా తిరుగుతుంటే నాకూ ఇంట్లో నిలబుద్ధయ్యేది కాదు. జార్జి మా ఇద్దరినీ చూసి, "వెర్రిబీలో ఇద్దరే తెలుగు ఆడవాళ్ళు, ఇద్దరికీ అరికాళ్ళలో మంటే" అనేవాడు.

గ్రెనోబుల్ నుంచి ఎవా ఉత్తరాలు రాసేది. మొదట రోజాలకి ఎప్పుడు కత్తిరింపు వెయ్యాలో, గ్యాసు హీటరు ఎలా వెలిగించాలో రాసింది. తర్వాత్తర్వాత కష్టసుఖాలు రాయడం మొదలుపెట్టింది. ప్రసూన చదివి నాకు తెలుగులో చెప్పేది. అక్కడ తామున్న ఇంటివాళ్ళ రాగిగిన్నెలు అటక మీద పెట్టేసి, అల్యూమినియంవి కొనుక్కుని వండుకుంటోందట ఎవా. రొట్టెల దుకాణంలో ఆవిడ నోరు తెరవగానే దుకాణందారు సోనియా వైపు తిరిగి మాట్లాడతాడట. పిల్ల ఫ్రెంచిలో తడుముకోకుండా జవాబిస్తుందట. ఇంట్లో తల్లి ఇంగ్లీషులో అడిగినా ఫ్రెంచిలోనే బదులు చెబుతోందట. ఆ ముక్క దగ్గర ప్రసూన ఆగి బిందు వైపు చూసింది. బిందు టీవీ చూస్తోంది. "ఇదుగో అక్కయ్యా, అక్కడ ఇంకో నేను" అని నవ్వింది. ఆ అమెరికా మనిషిని మేమిద్దరం ఎప్పుడూ చూడలేదు గానీ, మా వీధి మనిషి అయిపోయింది.

తొంభై రెండు జనవరిలో ఆవిడే రాసింది. స్టీవ్ పని ఇంకో ఏడాది పొడిగించారనీ, మీకు ఇష్టమైతే ఇల్లు ఇంకో ఏడాది ఉంచుకోండనీ. ఆ వారంలోనే ద్వారకానాథ్ గారికీ ఫెలోషిప్పు ఏడాది పెంచుతామన్నారు. నా పేరే ఉన్న ఈ విక్టోరియా రాష్ట్రమంతా ఉద్యోగాలు ఊడుతున్న రోజులవి. మా జార్జి వర్క్‌షాపులోనే సగం మందిని పంపేశారు. అటువంటప్పుడు పిలిచి ఇంకో ఏడాది ఉండమంటే ఆయన సంతోషపడ్డాడంటే తప్పేముంది?

"మీరు ఉండండి. నేనూ బిందూ మే నెలలో వెళ్తాం" అంది ప్రసూన. అంతే. గొడవ లేదు. ఆయన సరేనన్నట్టు తలూపాడు. ఆయన తలూపడం అంటే ఒప్పుకున్నట్టు కాదని నాకు అప్పటికే తెలుసు. మే ఇరవైకి టిక్కెట్లు తీసుకున్నారు. ప్రసూన పాత క్యాలెండరు వెనకవైపు గీతలు గీసి రోజులు కొట్టేసుకుంటూ, ఆ రెండేళ్ళలో మొదటిసారి కుదురుగా కూర్చుని నాతో కబుర్లు చెప్పింది. మా ఇంట్లో పడుకుని నిద్రపోయింది కూడా, ఒక ఆదివారం మధ్యాహ్నం. ఆ నిద్ర చూసి నాకు లోపల కోపమే వచ్చింది. నన్ను వదిలిపోవడానికి ఇంత హాయా అని.

మే మొదటి వారంలో ఒక మధ్యాహ్నం తలుపు కొట్టింది. చేతిలో ఇన్‌లాండ్ లాంటి నీలం ఏరోగ్రామ్. కాలేజీలో తెలుగు చెప్పే విద్యావతి రాసింది. "అక్కయ్యా, ఇది కొంచెం పైకి చదువుతారా? నాకు సరిగ్గా అర్థం కావడం లేదు" అంది. లెక్చరరమ్మకి తెలుగు ఉత్తరం అర్థం కాకపోవడమేమిటని తీసుకుని చదివాను.

"ప్రసూనా, నువ్వు రాజీనామా పంపుతావని మేం కలలో కూడా అనుకోలేదు. ఒక్క ముక్క మాకు ముందుగా రాయకూడదా? మొన్న శనివారం నీకు వీడ్కోలు సభ చేశాం. నీ ఫొటో పెట్టి దండ వేద్దామన్నారు, బతికున్న మనిషి ఫొటోకి దండేమిటని నేను ఒప్పుకోలేదు. నీ తరఫున మీ బావగారు శాలువా కప్పించుకున్నారు. నీ గురించి చాలా బాగా మాట్లాడారు. జూన్ ఒకటి నుంచి సుబ్బరాజు గారి మేనకోడలు నీ చోట్లో చేరుతోంది. ల్యాబులో నీ బీరువా తాళం అడుగుతున్నారు."

నేను చదవడం ఆపాను. ప్రసూన నా వంటింటి గోడకి ఆనుకుని నిలబడింది. "ఐదో కాగితం" అంది. "నాలుగింటికీ నాకు లెక్క తెలుసు. ఒకటి లీవు, ఒకటి ఎల్ఐసీ, రెండు ఇంటి పన్ను గొడవకి. ఐదోది ఉండిపోయింది."

ఆయన సాయంత్రం ఆఫీసునుంచి వచ్చేదాకా నేను వాళ్ళింట్లో ఆవిడతోనే ఉన్నాను. మీరు వెళ్ళండి అని ఆవిడ అనలేదు, నేనూ వెళ్ళలేదు. ఆయన రాగానే ఉత్తరం బల్లమీద పెట్టి, "మీకు తెలుసా?" అని ఒక్కటే అడిగింది.

ద్వారకానాథ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడంలోనే జవాబు అర్థమైపోయింది. ఫిబ్రవరిలో ఆయనే అన్నకి రాశాడు, లీవు ఇంకో ఏడాది పెంచుతారేమో కనుక్కోమని. కాలేజీవాళ్ళు పెంచం అన్నారు. రాకపోతే తీసేసినట్టు రికార్డులో రాస్తాం, మర్యాదగా రాజీనామా ఇస్తే మంచి సర్టిఫికెట్టు ఇస్తాం అన్నారు. మరదలి పేరుకి మచ్చ రాకూడదని రామ్మోహన్ గారు ఉన్న కాగితం మీద ఆ నాలుగు ముక్కలూ రాసి ఇచ్చేశాడు. రాసి తమ్ముడికి తెలియజేశాడు. ఆ ఉత్తరం మార్చిలోనే వచ్చింది.

"టిక్కెట్లు కొన్నప్పుడు తెలుసా మీకు?" అంది ప్రసూన.

"చెబుదామనే అనుకున్నాను. రోజూ అనుకున్నాను. నువ్వు రోజులు కొట్టేసుకుంటుంటే నోరు రాలేదు" అన్నాడు. నిజమే చెప్పాడు. ఆయన మొహం చూస్తే జాలేసింది. ఆ జాలి వేసినందుకు నామీద నాకే చిరాకేసింది.

"నేను వెళ్ళి నిలబడతాను. ముప్పై ఒకటో తారీఖు ఆదివారం. ఈలోపు వెళ్ళి ఆ రాజీనామా వెనక్కి తీసుకుంటాను. జూన్ ఒకటి దాకా అది అమల్లోకి రాదు."

"నిలబడి ఏం చెబుతావు? అన్నయ్య దొంగకాగితం పెట్టాడనా?"

"దొంగది కాదు. సంతకం నాదే. పైనున్న మాట నాది కాదు. అదే చెబుతాను."

"ఆయన ముప్పై ఏళ్ళు హెడ్మాస్టరు చేసిన మనిషి. ఊళ్ళో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. రేపట్నుంచి తలెత్తుకోగలడా? నన్ను చదివించింది ఆయన, ప్రసూనా."

"శాలువా కప్పుకున్నప్పుడు తలెత్తుకునే ఉన్నారుగా" అంది ప్రసూన.

ఆ మాట అంత మెల్లగా అంటుందని నేను అనుకోలేదు. నేనయితే పళ్ళేలు పగలగొట్టేదాన్ని. ఎవా పళ్ళేలు కూడా వదిలేదాన్ని కాదు.

అప్పటిదాకా మెట్లమీద కూర్చుని వింటున్న బిందు లేచింది. "ఐ యామ్ నాట్ గోయింగ్" అంది. పదేళ్ళు నిండిన పిల్ల, నెట్‌బాల్ ఆడే స్కర్టులో ఉంది. "యూ గైజ్ ఆర్ ఫైటింగ్ అబౌట్ ఎ జాబ్. ఐ హావ్ స్కూల్. ఐ హావ్ ఫ్రెండ్స్. వై డజ్ నోబడీ ఆస్క్ మీ?"

నిజంగానే ఎవరూ అడగలేదు. ప్రసూన దగ్గరికి వెళ్ళి పిల్ల తలమీద చెయ్యి పెట్టబోతే బిందు వెనక్కి జరిగింది. ప్రసూన ఆ చెయ్యి అలాగే కాసేపు ఉంచి, దించేసింది. "సరే. నువ్వు నాన్న దగ్గర ఉండు. వచ్చే ఏడాది ఇద్దరూ కలిసి రండి" అంది.

అప్పుడు నాకు పట్టలేనంత కోపం వచ్చింది. మర్నాడు ఆవిడ మూడు సూట్‌కేసుల్లో రెండింటిని పక్కకి నెట్టి, ఒక్కదాంట్లో ఆ ఎండుటాకుల అట్టలు సర్దుతుంటే వెళ్ళి నిలదీశాను. "పదేళ్ళ పిల్లని వదిలేసి ఉద్యోగానికి పోతావా? తల్లివేనా నువ్వు?" అన్నాను. ఆ మాట అనడానికి నేనెవర్ని? అయినా అనేశాను.

ప్రసూన అట్టల మధ్య కాగితం పెడుతూనే ఉంది. తలెత్తకుండానే అంది, "ఆరేళ్ళు, ప్రతి ఏప్రిల్‌లోనూ నన్ను ఇంటికి పంపించేశారక్కయ్యా. జూలైలో మళ్ళీ పిలుస్తారో లేదోనని వేసవంతా పోస్టుమాన్ కోసం కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. బిందు కడుపులో ఉన్నప్పుడూ కూర్చున్నాను. ఇక్కడికొచ్చాక రెండేళ్ళూ అదే కిటికీ. ఇంక నావల్ల కాదు. దాన్ని మీ చేతుల్లో పెడుతున్నాను. పొద్దున్న జడ వెయ్యడం వాళ్ళ నాన్నకి రాదు."

జడ వేస్తానన్నాను.

ఎయిర్‌పోర్టుకి జార్జి కారులో తీసుకెళ్ళాం. ద్వారకానాథ్ గారు దారంతా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కసారి మాత్రం, "అన్నయ్యతో కాస్త మెత్తగా మాట్లాడు" అన్నాడు. "మెత్తగానే మాట్లాడతానండీ" అంది ప్రసూన. బిందు తల్లిని కౌగిలించుకుంది, కానీ ఏడవలేదు. ఇక్కడి పిల్లలు కౌగిలించుకున్నట్టు గబుక్కున కౌగిలించుకుని వదిలేసింది. ప్రసూన లోపలికి వెళ్ళేటప్పుడు నడక చూశాను. రెండేళ్ళలో ఆవిడ అలా తడబడకుండా నడవగా చూడటం అదే మొదటిసారి.

తర్వాత పది రోజులూ నేను హోములో పని సరిగ్గా చెయ్యలేదు. ఒక పెద్దావిడకి రెండుసార్లు టిఫిను పెట్టబోయాను. గెలవాలనీ అనుకున్నాను, ఓడిపోయి తిరిగొచ్చెయ్యాలనీ అనుకున్నాను. ప్రార్థనలో కూర్చుంటే ప్రభువుని ఏది అడగాలో నాకే తెలియలేదు.

జూన్ రెండో తారీఖు పొద్దున్న ద్వారకానాథ్ గారు ఎప్పటిలా బిందుని జడకి తీసుకొచ్చాడు. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నిన్న సాయంత్రం ఫోన్ చేసింది విక్టోరియా గారూ. జాయినయిందట."

"అయితే ఒప్పుకున్నారా?"

"శనివారం నాడు కాలేజీ ఆఫీసులో సుబ్బరాజు గారి ఎదురుగా కూర్చుని, రాజీనామా వెనక్కి తీసుకుంటున్నానని తన చేత్తో రాసిచ్చిందట. ఆయన ఈ మొదటి కాగితం ఎవరు రాశారమ్మా మరి అన్నాట్ట. అన్నయ్యని పిలిపించమందట. అన్నయ్య వచ్చాడు. స్టాఫంతా ఉన్నారు." ద్వారకానాథ్ గారు బిందు స్కూలు సంచీ గుమ్మంలో పెట్టాడు. "నేనే రాశాను, అమ్మాయికి తెలీదు అని ఒప్పుకున్నాట్ట. ఒక్క అబద్ధం ఆడలేదు. అందరి ముందూ అలా తేలాక సుబ్బరాజు గారు కాదనలేకపోయారట. అన్నయ్య ఇంటికెళ్ళి ఆ శాలువా పనిమనిషి చేత కాలేజీకి తిప్పి పంపించేశాడట. ఇంక మేం ఆయన గడప ఎలా తొక్కుతామండీ?"

గెలిచినదీ ఈయన భార్యే, తలదించుకున్నదీ ఈయన అన్నే. కాఫీ తాగమన్నాను. ఆఫీసుకి టైమైందని వెళ్ళిపోయాడు.

బిందుని స్టూలుమీద కూర్చోబెట్టి తల దువ్వడం మొదలుపెట్టాను. తల్లి జుట్టే, ఒత్తుగా ఉంటుంది. ఒక పాయ తీసి రెండోది పట్టుకున్నాను. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. ఆపుకుందామంటే ఆగవే.

"ఆంటీ, ఆర్ యూ క్రయింగ్?" అంది అద్దంలో చూసి. "మమ్ గాట్ ఇట్ బ్యాక్, రైట్?"

"వచ్చిందే. మీ అమ్మ ఉద్యోగం మీ అమ్మకి వచ్చేసింది."

"దెన్ వై?"

ఈ పిల్ల దగ్గర ఏం దాస్తాం అనిపించింది. "నాకూ ఒక ఉద్యోగం ఉండేదే, నర్సాపురంలో. మిషన్ ఆసుపత్రిలో. హెడ్ నర్సుని చేస్తామన్నారు. జార్జి అంకుల్ ఆస్ట్రేలియా వెళ్దామన్నాడు. రాజీనామా నేనే రాసిచ్చాను, నా చేత్తోనే. ఎవరూ మోసం చెయ్యలేదు."

బిందు అద్దంలోంచి నన్నే చూస్తోంది. "యూ కుడ్ హావ్ గాన్ బ్యాక్. లైక్ మమ్."

"నన్నెవరూ రమ్మనలేదులే" అన్నాను.

అది అబద్ధం. మా ఆసుపత్రి మేట్రనమ్మ రెండేళ్ళపాటు ఉత్తరాలు రాసింది, విక్టోరియా నీ చోటు ఎవరికీ ఇవ్వలేదు, వచ్చెయ్ అని. ఇక్కడ ఎవరెవరివో దుప్పట్లు మారుస్తూ, ఈ ఏడాది ఉండి చూద్దాం, వచ్చే ఏడాది చూద్దాం అనుకుంటూ ఒక్కదానికీ జవాబు రాయలేదు. మూడో ఏడు ఆవిడ రాయడం మానేసింది. ప్రసూనని చూస్తే నాకు రెండేళ్ళూ ఎందుకంత ఒళ్ళు మండేదో, ఆ పిల్ల జుట్టు చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు తెలిసింది.